కొరియా జాతి యైక్యము – పరరాజ్యముల ప్రయోజనములు

రాజ్యము రెండగుటకును, కుటుంబము రెండగుటకును చాల భేదము గలదు. రాజ్యము రెండైనచో చరిత్రకారులు సంవత్సరమును వ్రాసికొందురు. ఒడంబడికలలోని షరతులను పరిశీలింతురు. కుటుంబము రెండైనచో ఆ దుఃఖమును వ్రాసి పెట్టు దఫ్తరము ఏ కచ్చేరిలోను లేదు. కొరియా దేశమున నీ రెండును ఒక్కమారే సంభవించినవి. 1945వ సంవత్సరము మొదలుకొని, అనగా ఎనుబదియేండ్లకు పైబడి, ఆ జాతి రెండు ప్రభుత్వముల క్రింద, మూసివేయబడిన యొక యెల్లకు ఇరుప్రక్కల జీవించుచున్నది. ఆ యెల్లను గీచినవారు కొరియనులు కారు. దానిని చెరిపివేయుటయే తమ కోరిక యని యీ వ్యవహారముతో సంబంధము గల ప్రతి ప్రభుత్వమును ఏదో యొక కాలమున పలికియే యున్నది. అయినను అది చెరగలేదు. అందరును కోరుచున్నామనెడి కార్యము ఎనుబదియేండ్లలో నేల నెరవేరలేదు? ఈ ప్రశ్నను పాఠక మహాశయులతో గూడి యొకింత విచారింప దలచితిమి.

మొదట ఆ జాతి యొక్క యేకత్వమెట్టిదో తెలిసికొనవలయును. కొరియా యనునది నిన్న మొన్న కొందరు రాజకీయవేత్తలు కూర్చిన దేశము కాదు. క్రీ. శ. 668 నాటికి సిల్లా రాజ్యము తక్కిన రెండు రాజ్యములను జయించి ద్వీపకల్పములో నధిక భాగమును ఏకము చేసెను. తరువాత చీలిన రాజ్యములను 936లో కొర్యో వంశమువారు మరల నొక్కటి చేసిరి. కొరియా యను పేరు ఆ వంశనామమునుండి పుట్టినదే. 1392లో చోసన్ వంశము సింహాసనమెక్కి ఐదువందల యేండ్లకు పైగా పాలించెను. ఆ వంశములోని సెజోంగు మహారాజు 1443లో తన ప్రజల భాషకు దగిన నూతనాక్షరములను కల్పించి 1446లో ప్రకటించెను. పండితులు చీనా లిపినే గొప్పగా నెంచుచుండగా, సులభమైన యీ లిపి యంతఃపుర స్త్రీలకును, గృహిణులకును, సామాన్య జనులకును చదువుల వాకిలి తెరచెను. వేయేండ్ల యేకరాజ్యమును, ఒకే భాషయు, ఐదువందల యేండ్ల సొంత లిపియు గల జాతులు లోకమున నెన్నియో లేవు. ఇట్టి జాతిని రెండు చేయుటకు లోపలి కారణమేదియు చాలదు. వెలుపలి బలము కావలసియుండెను.

ఆ బలము చుట్టుప్రక్కలనే యుండెను. ఉత్తరమున చీనా, ఈశాన్యమున రష్యా, సముద్రమున కావల జపాను. ఈ మూటికిని కొరియా ఇరుగుపొరుగిండ్ల నడుమనున్న నడవ వంటిది. ఆ నడవలో తన మనిషియే కావలి యుండవలెనని ప్రతి యింటివాడును కోరెను. దానిని పంచుకొందమను నాలోచనయు క్రొత్తది కాదు. కొరియాపై దండెత్తిన జపాను నేత హిదెయోషి 1593లో చీనా చక్రవర్తితో సంధి మాటలాడుచు దక్షిణ భాగమున నాలుగు మండలములు తనకీయవలెనని కోరెను. 1896లో జపాను ప్రతినిధి యమగత 38వ అక్షాంశరేఖ వెంబడి కొరియాలోని పలుకుబడిని పంచుకొందమని రష్యాకు సూచించెను. 1903లో రష్యా 39వ రేఖకు ఉత్తరమున నున్న భాగమును తటస్థ ప్రదేశముగా నుంచుదమనెను. ఈ మూడు బేరములును కుదరలేదు. కాని మూటిలోను ఒక పోలిక గలదు: పొలము గలవానిని పిలువకయే పొరుగువారు నడుమ గట్టు వేయ జూచిరి.

1894-95లో చీనాను, 1904-05లో రష్యాను జయించిన పిదప జపానునకు అడ్డు లేకపోయెను. 1905లో అమెరికా యుద్ధమంత్రి టాఫ్టును, జపాను ప్రధాని కత్సురాయు సంభాషించుకొనినప్పుడు, ఫిలిప్పీను దీవుల జోలికి జపాను పోదనియు, కొరియాలో జపాను పెత్తనమునకు అమెరికా యభ్యంతరము చెప్పదనియు ఉభయులకును స్పష్టమయ్యెను. ఆ సంవత్సరమే జపాను కొరియాను తన రక్షణలోనికి తీసికొని, 1910లో తన రాజ్యమున కలుపుకొనెను. 1919 మార్చి 1వ తేదీన కొరియా ప్రజలు స్వాతంత్ర్యమును ప్రకటించుకొని, ఆయుధములు లేకయే ఊరూర వీథులకెక్కిరి. ఆ యుద్యమములో పాల్గొనిన యూ గ్వాన్ సూన్ అను విద్యార్థిని మరుసటి యేడు సియోలు కారాగృహమున మరణించెను. కొరియనులు నేటికిని ఆమెను పూజ్యురాలినిగా తలంచుచున్నారు. దేశాభిమానులు షాంఘై పట్టణమున తాత్కాలిక ప్రభుత్వమును స్థాపించిరి. 1940 నాటికి జపాను ప్రభుత్వము కొరియనుల యింటిపేర్లను గూడ జపాను పేర్లుగా మార్చుకొనుడని నిర్బంధించుచుండెను. బడులలో వారి భాషకు చోటు లేకుండ చేసెను. ఇంత కష్టములోను ఒక్కటి మాత్రము వారికి మిగిలెను: దాస్యముననైనను వారందరు నొక్కచోటనే యుండిరి. స్వాతంత్ర్యము వచ్చిన దినముననే ఆ యొక్కటియు పోయెను.

అది యెట్లు జరిగినదో చూతము. 1943లో కైరో నగరమున గూడిన అమెరికా, బ్రిటను, చీనా నాయకులు కొరియాకు తగిన కాలమున స్వాతంత్ర్య మిత్తుమనిరి. ఆ కాలమెప్పుడు తగినదగునో చెప్పలేదు. 1945 ఆగస్టులో జపాను లొంగిపోవ సిద్ధమగునప్పటికి సోవియట్ సేనలు కొరియా యుత్తరభాగమున ప్రవేశించియుండెను. అమెరికా సేనలకు సమీపస్థానము ఓకినావా ద్వీపము. సోవియట్ సేన ద్వీపకల్పమంతయు నాక్రమించునేమో యను తొందరలో, ఆగస్టు 10వ తేదీ రాత్రి వాషింగ్టనులో డీన్ రస్కు, చార్లెస్ బోన్‌స్టీలు అను నిరువురు సైనికోద్యోగులకు ఒక హద్దును సూచింపుడని యాజ్ఞ యయ్యెను. వారికిచ్చిన వ్యవధి సుమారు అరగంట. వారు జాగ్రఫిక్ సంఘము వారు ముద్రించిన యొక పటమును ముందు పెట్టుకొని, రాజధానియగు సియోలు తమ భాగమున పడునట్లుగా 38వ రేఖను చూపిరి. స్టాలిను దానికి సమ్మతించెను. పూర్వము జపాను రష్యాలు ఆ రేఖనే చర్చించియుండిరని తమకప్పుడు తెలియదని రస్కు తరువాత వ్రాసెను. ఆ రేఖ కొండలను, నదులను, గ్రామములను చూడలేదు. పటము మీది గీత భూమి మీదను గీతగానే నిలిచెను.

మన దేశమున 1947లో సరిహద్దులు నిర్ణయించుటకు వచ్చిన రాడ్‌క్లిఫ్ దొరకు ఐదు వారముల వ్యవధి యిచ్చిరని మనము నేటికిని వగచుచున్నాము. కొరియాకు అరగంటయు, నిరువురు ఉద్యోగులును చాలిరి. మరియొక విశేషమును గమనింపవలయును. ఐరోపాఖండమున యుద్ధమునకు కారణమైన జర్మనీ విభజింపబడెను. ఆసియాఖండమున యుద్ధము చేసిన జపాను విభజింపబడలేదు. ఆ జపాను చేత ముప్పదియైదేండ్లు పీడింపబడిన కొరియా విభజింపబడెను. అపరాధ మొకరిది, శిక్ష యొకరిది.

అయినను 1945లో నా రేఖ శాశ్వతమని యెవరును తలంపలేదు. అది జపాను సేనల యాయుధములను స్వీకరించుట కేర్పడిన పని యెల్ల మాత్రమే. ఆ డిసెంబరులో మాస్కోలో మూడు రాజ్యములు ఐదేండ్లకు మించని ధర్మకర్తృత్వము నేర్పరచి, పిదప స్వతంత్ర ప్రభుత్వమును నిలుపవలెనని నిశ్చయించినవి. స్వాతంత్ర్యమునకై యెదురు చూచుచున్న కొరియనులు ఈ మాట విని మండిపడిరి. కొలది దినములలో సామ్యవాదులు మాస్కో నిశ్చయమును సమర్థించుటకు పూనిరి; తక్కినవారు ప్రతిఘటించిరి. అమెరికా సోవియట్ ప్రతినిధుల ఉమ్మడి సంఘము 1946లోను 1947లోను కూడి, ఏ పక్షములవారితో సంప్రదింపవలెనను మొదటి ప్రశ్న యొద్దనే చెడిపోయెను. తనకు మిత్రులైనవారి చేతిలో కొరియా యంతయు నుండునేని సోవియట్ రష్యాకు ఐక్యము సమ్మతమే, అమెరికాకును అట్లే. ఎదుటివాని మిత్రుల చేతికి పోవు నైక్యము కంటె తన చేతిలోని సగమే మేలని యిరువురును నిశ్చయించుకొనిరి. ఈ లెక్కయే కొరియా దురదృష్టమునకు మూలము. తరువాతి చరిత్రమంతయు దీనికి వ్యాఖ్యానమే.

ఇందు కొరియనుల దోషము లేదని చెప్పుట సత్యము కాదు. ఉత్తరమున 1946లో భూములను పంచిపెట్టిరి. దానితో భూస్వాములును, క్రైస్తవులలో ననేకులును దక్షిణమునకు తరలిరి. దక్షిణమున జపాను కొలువులో ప్రజలను హింసించిన పోలీసు ఉద్యోగులనే అమెరికనులు పనిలో నుంచిరి. ఇరుప్రక్కలను గాయపడినవారు, కోపించినవారు, పదవి కాశించినవారు నుండిరి. వీరందరికి వెనుక నొక్కొక్క మహారాజ్యము నిలిచియుండెను. ఇంటి కలహము ఏ యింటనైన నుండునదే. కాని పొరుగువారు చెరియొకనికి కత్తి నందించినప్పుడు అది కలహముగా నిలువదు.

1947లో అమెరికా యీ వ్యవహారమును ఐక్యరాజ్యసమితి కప్పగించెను. దేశమంతట ఎన్నికలు జరిపించుటకు సమితి పంపిన తాత్కాలిక సంఘమునకు మన దేశీయుడగు కె. పి. ఎస్. మీనన్ అధ్యక్షుడు. ఉత్తర భాగమున ప్రవేశించుటకు సోవియట్ అధికారులు వారికి అనుజ్ఞ యీయలేదు. 1948 ఫిబ్రవరిలో సమితి వారు సాధ్యమైన భాగముననే యెన్నికలు జరుపుడని తీర్మానించిరి. కెనడాయు, ఆస్ట్రేలియాయు దానికి వ్యతిరేకముగా నోటు వేసినవి. షాంఘై తాత్కాలిక ప్రభుత్వమునకు నాయకుడై యుండిన కిమ్ గూ అను వృద్ధ దేశభక్తుడు సామ్యవాదులకు మిత్రుడు కాడు. అయినను వేరెన్నికలు జరిగిన దేశము రెండగునని భయపడి, తన పక్షమువారు వలదన్నను 1948 ఏప్రిలులో 38వ రేఖను దాటి ప్యాంగ్యాంగు నగరమునకు సమావేశమునకై పోయెను. రిక్తహస్తములతో తిరిగి వచ్చెను. మే 10వ తేదీన దక్షిణమున నెన్నికలు జరిగెను; ఆగస్టు 15న సింగ్మన్ రీ యధ్యక్షుడుగా నొక గణతంత్రమును, సెప్టెంబరు 9న ఉత్తరమున కిమ్ ఇల్ సుంగు నాయకుడుగా మరియొక గణతంత్రమును వెలసెను. రెండును కొరియా యంతయు తమదే యనెను. మరుసటి జూనులో కిమ్ గూ తన యింటనే ఒక సైనికోద్యోగి చేత కాల్చి చంపబడెను. ఇరుప్రక్కలతో మాటలాడ గలిగినవారికి స్థలము లేని కాలము వచ్చెను.

అటుపిమ్మట ఐక్యమునకు కత్తియే మార్గమని రెండు ప్రభుత్వములును తలంచినవి. రీ యుత్తరమునకు దండు వెడలుదునని పలుకుచుండెను. కిమ్ ఇల్ సుంగు స్టాలిను అనుమతిని, మావో సమ్మతిని పొంది 1950 జూన్ 25న దండు వెడలెను. మూడు దినములలో సియోలు పట్టుబడెను. సెప్టెంబరు 15న అమెరికా సేన ఇంచోను రేవున దిగి యుద్ధగతిని మార్చెను. ఐక్యరాజ్యసమితి సేన 38వ రేఖతో నాగియుండిన చరిత్ర మరియొక విధముగా నుండెడిదేమో! దేశమునంతయు తామే యేకము చేయుదుమని వారును ముందునకు సాగిరి. అమెరికా సేన ఆ రేఖను దాటినచో తాము జోక్యము కలిగించుకొందుమని చీనా ప్రధాని చౌ ఎన్ లై యక్టోబరు తొలి దినములలో అర్ధరాత్రమున మన రాయబారి కె. యం. పణిక్కరును పిలిచి చెప్పెను. మన ప్రభుత్వము ఆ హెచ్చరికను అందజేసెను. వాషింగ్టనులో దానిని లెక్క చేయలేదు. చీనా సేనలు యాలూ నదిని దాటినవి. 1951 జనవరిలో సియోలు మరల చేయి మారెను. 1953 జూలై 27న యుద్ధవిరామపు టొడంబడిక మీద చేవ్రాలు పడునప్పటికి సేనలు ఇంచుమించుగా మొదలిడిన చోటనే నిలిచియుండెను. చనిపోయినవారు ఇరువది ముప్పది లక్షలని చరిత్రకారుల యంచనా. దక్షిణ కొరియా ఆ కాగితము మీద చేవ్రాలు చేయనే లేదు. శాంతిసంధి నేటికిని జరుగలేదు.

ఈ ఘట్టమున మన దేశమునకు గల సంబంధమును స్మరింపవలయును. భారత సేన యుద్ధము చేయలేదు. 1950 నవంబరులో ఎ. జి. రంగరాజు నాయకత్వమున ఒక వైద్యదళమును మాత్రము పంపెను. యుద్ధవిరామము రెండేండ్లు జాగగుటకు ముఖ్య కారణము ఖైదీల ప్రశ్న: స్వదేశమునకు పోనొల్లని యుద్ధఖైదీలను బలవంతముగా పంపవలెనా, వలదా? దీనిని తీర్చుటకు తటస్థ రాజ్యముల సంఘమొకటి యేర్పడగా జనరల్ తిమ్మయ్య దానికధ్యక్షుడయ్యెను. జనరల్ థోరాటు క్రింద భారత రక్షకదళము ఇరువదిరెండువేలకు పైబడిన ఖైదీలను కాపాడెను. సింగ్మన్ రీ భారత సైనికులను దక్షిణ భూమి మీద కాలు పెట్టనీయమనుటచేత, వారిని ఓడలనుండి హెలికాప్టరులలో తటస్థ ప్రదేశమునకు చేర్చవలసివచ్చెను. ఖైదీలను ఒక్కొక్కరిని పిలిచి, ఏ ప్రక్కకు పోయెదవని యడుగ నెంచిరి. 88 మంది ఏ ప్రక్కయు వలదని 1954లో భారత సేనతో గూడ మన దేశమునకు వచ్చిరి. వారిలో నధికులు కొరియనులు. కొందరు తరువాత బ్రెజిలుకును, అర్జెంటీనాకును పోయిరి. తన దేశము రెండైనందున మనుష్యుడు తుదకు ఏ దేశమును లేనివాడగుట యెట్లో వీరి జీవితములే తెలుపుచున్నవి.

1954లో జెనీవా నగరమున కొరియా యైక్యమును గూర్చి మహారాజ్యములు సమావేశమై, ఏమియు తేల్చలేక లేచిపోయినవి. అప్పటినుండి ప్రతి రాజ్యమునకును విభజనమే యలవాటయ్యెను. అమెరికా 1953లో దక్షిణముతో రక్షణసంధి చేసికొనెను. ఇప్పటికిని 28,500 మంది యమెరికా సైనికులచట నున్నారు. చీనా తన సేనలను 1958లో మరలించుకొనినను, 1961లో ఉత్తరముతో సంధి చేసికొని దానిని నిలుపుకొనుచున్నది. అమెరికా సేన తన యెల్ల దాక వచ్చు నైక్యము చీనాకు వలదు. జపాను 1965లో దక్షిణముతో మాత్రమే రాయబారము నేర్పరచుకొనెను. తమ దేశమున నున్న కొరియనులలో 93,000 మందిని 1959 మొదలుకొని ఓడలలో నుత్తరమునకు పోనిచ్చెను. వారిలో నెందరో తిరిగి వచ్చు దారి లేక అచటనే యుండిపోయిరి. 1990లో సోవియట్ రష్యాయు, 1992లో చీనాయు దక్షిణమును గుర్తించినవి. అమెరికాయు, జపానును నేటివరకు ఉత్తరమును గుర్తింపలేదు. 2024లో రష్యా యుత్తరముతో సైనికసంధి చేసికొని, ఉక్రెయిను యుద్ధమున కొరియా యువకులను తన పక్షమున పోరాడ దించెను. కొరియా యొక్కటైనచో దానికి కలుగు మేలెంతయని యెవరును లెక్క వేయరు. అది యెవరి పక్షమున చేరునని మాత్రమే లెక్కింతురు.

ఇక కొరియాలోని పాలకులకును ఈ స్థితి లాభకరమైనది. 1972 జూలై 4న, అమెరికా చీనాలు సఖ్యపడుచుండుట చూచి యులికిపడిన యిరు ప్రభుత్వములును, పరుల జోక్యము లేకయు, శాంతిమార్గముననే, జాతి యంతయు నొక్కటిగా ఐక్యమును సాధింతుమని ప్రకటించినవి. ప్రజలు పరమానందము పొందిరి. ఆ సంవత్సరము తీరకమునుపే ఐక్యమునకు సిద్ధపడవలెనను నెపముతో దక్షిణమున పార్క్ చుంగ్ హీ యెదురులేని యధికారము నిచ్చు రాజ్యాంగమును తెచ్చుకొనెను; ఉత్తరమున కిమ్ ఇల్ సుంగు సర్వాధికారియగు రాష్ట్రపతి యయ్యెను. ఐక్యము రాలేదు, అధికారము మాత్రము గట్టిపడెను. దక్షిణ ప్రజలు 1987లో మహోద్యమము చేసి ప్రజాప్రభుత్వమును సంపాదించుకొనిరి. ఉత్తరమున నట్టి దేదియు జరుగలేదు. ప్రజలకు దేశము విడిచిపోవుటకుగాని, పాలకుని విమర్శించుటకుగాని స్వేచ్ఛ లేదు. ఈ భేదమును మరచి యిరుపక్షములును సమానమనుట న్యాయము కాదు. కాని శత్రువు వాకిట నున్నాడను మాట ఇరుప్రక్కలను పాలకుల కెంతకాలము ఉపకరించెనో దానిని మరచుటయు న్యాయము కాదు.

ఈ లెక్కలన్నిటి క్రింద నలిగినవారెవరు? 1983 జూన్ 30న దక్షిణ కొరియా ప్రభుత్వ ప్రసారసంస్థ యుద్ధకాలమున తప్పిపోయిన బంధువులను కలుపుటకై టెలివిజనులో నొక చిన్న కార్యక్రమమును మొదలిడెను. అది 138 దినములు, మొత్తము 453 గంటల 45 నిమిషములు సాగెను. లక్షకు పైగా జనులు దరఖాస్తు చేసికొనిరి; 10,189 కుటుంబములు కలిసికొనెను. పేరును, ఊరును, శరీరము మీది మచ్చను వ్రాసిన యట్టలను పట్టుకొని జనులు ఆ భవనము చుట్టును నిలిచిరి. గోడల మీద నంటించిరి. వీరందరు దక్షిణముననే ముప్పదియేండ్లు ఒకరినొకరెరుగక బ్రతికినవారు. ఎల్లకు ఆవలి ప్రక్కనున్న వారి మాట చెప్పనేల? అచటికి తపాలా లేదు, టెలిఫోను లేదు, రాకపోకలు లేవు. 1988 తరువాత ఉత్తరమున నున్న తమ వారిని చూపుడని దక్షిణమున పేర్లు నమోదు చేసికొనినవారు లక్షా ముప్పదివేలకు పైబడియున్నారు. వారిలో సగమునకు మించి మరణించిరి. బ్రతికియున్నవారిలో ననేకులు ఎనుబదియేండ్లు దాటినవారు.

2000 జూన్‌లో దక్షిణాధ్యక్షుడు కిమ్ దే జుంగు ప్యాంగ్యాంగునకు పోయి కిమ్ జోంగ్ ఇల్లును కలిసికొనెను. ఆ యాగస్టులో చెరియొక నూరుమంది తమ బంధువులను చూచుటకు ఎల్లను దాటిరి. అప్పటినుండి 2018 ఆగస్టు వరకు 21 మారులు ఇట్టి సమావేశములు జరిగెను. చీట్లు తీసి యెన్నిక చేసినవారికి మాత్రమే యవకాశము. వచ్చినవారికి అధికారుల యెదుట మూడు దినములలో కొన్ని గంటల సంభాషణము. పిదప మరల కలయుట లేదు, జాబు వ్రాయుట లేదు. తొంబదియేండ్ల తల్లి డెబ్బదియేండ్ల కొడుకును చూచి, బండి కదలగానే శాశ్వతముగా విడిచిపెట్టవలెను. ఇదియైనను ప్రభుత్వములు సఖ్యముగా నున్నప్పుడే. అణ్వస్త్ర పరీక్ష జరిగినను, వాషింగ్టనులో నధ్యక్షుడు మారినను, చర్చలు చెడినను మొదట మూతబడునది యీ తలుపే. కెసోంగు నగరమున దక్షిణపు పెట్టుబడితో నేర్పడి, యేబదివేలకు పైగా ఉత్తరపు కార్మికులకు పని యిచ్చిన కర్మాగారములు 2004 నుండి నడచి 2016లో మూతబడెను. 2018లో నిరు దేశముల నాయకులును చేయి చేయి పట్టుకొని రేఖను దాటిరి. 2019లో హానోయి నగరమున అమెరికాతో చర్చలు చెడెను. 2020లో నుభయుల మాటల కేర్పడిన కార్యాలయమును ఉత్తరమువారు ప్రేల్చివేసిరి.

2023 డిసెంబరులో ఉత్తర పాలకుడు కిమ్ జోంగ్ ఉన్ ఐక్యమను మాటనే విడిచిపెట్టెను. దక్షిణమువారు తమ జాతీయులు కారనియు, శత్రురాజ్యమువారనియు ప్రకటించెను. ప్యాంగ్యాంగు ప్రవేశమార్గమున ఇరు ప్రక్కల స్త్రీలిద్దరు అఖండ కొరియా పటమును ఎత్తిపట్టుకొనినట్లు చెక్కిన మహాతోరణము 2001 నుండి యుండెను. 2024 జనవరిలో దానిని కూల్చిరి. దక్షిణమున గూడ యువజనులలో ననేకులు ఐక్యము వలన తమకు పన్నుల భారమే తప్ప లాభమేమని ప్రశ్నించుచున్నారు. వారిని నిందింపరాదు, వారు ఎరుగని బంధువులను ప్రేమింపుమనుట కష్టము. జర్మనీ 1990లో నేకమైనది గదా యని కొందరందురు. అచట తూర్పు జనులు పడమటి వారిలో నాలుగవ వంతు. ఇచట దక్షిణమున ఐదు కోట్లు, ఉత్తరమున రెండున్నర కోట్లు. అంతకు మించిన భేదము వేరొకటి గలదు. జర్మనీ రెండుగా నున్నను ఉత్తరములు నడచెను, ముసలివారు ప్రయాణము చేసిరి, ఒక ప్రక్క టెలివిజను రెండవ ప్రక్క కనబడెను. గోడ యుండెను గాని చెవులు మూతబడలేదు. కొరియాలో మాటలు కూడ వేరగుచున్నవి. ఇరు ప్రక్కల పండితులు గూడి ఉమ్మడి నిఘంటువు నొకదానిని 2005లో నారంభించిరి. అదియు రాజకీయములతో బాటు ఆగుచు సాగుచు వచ్చినది.

ఇంతవరకు విచారించిన దానివలన మాకు తోచిన దిది. ఐక్యమును, రాకపోకలును ఒక్కటి కావు. ఒకే భాష మాటలాడు జనులు రెండు ప్రభుత్వముల క్రింద నుండుట స్వతః దుర్భరము కాదు. తెలుగువారు 2014 నుండి రెండు రాష్ట్రములలో నున్నారు. ఆ విభజనమును గూర్చి భిన్నాభిప్రాయము లెన్నియున్నను, అక్క యొక రాష్ట్రమునను చెల్లెలు మరియొక రాష్ట్రమునను కాపురముండి పండుగలకు వచ్చిపోవుచునే యున్నారు. ఏలయన, అచట గీచిన గీత పాలనకే గాని పలకరింపునకు కాదు. కొరియాలో గీత పలకరింపునకే గీయబడినది. మహారాజ్యములును, ఇరు ప్రభుత్వములును ఐక్యము సిద్ధించినప్పుడు తలుపు దానంతట తెరచుకొనునని చెప్పుచు వచ్చిరి. తమకు నచ్చిన ఐక్యము రానంతవరకు తలుపును మూసియుంచిరి. క్రమమును తలక్రిందు చేసిరి. జాబు, ప్రయాణము, చావు బ్రతుకుల సమాచారము – ఇవి సంధికి ఫలములు కావు. ప్రతి మనుష్యునకును సహజమైన హక్కులు. వీనిని ఖైదీల వలె బేరమున పెట్టుట యన్యాయము.

ఏ రాజ్యమేర్పడవలెనో, ఎన్ని జెండాలు ఎగురవలెనో ఆ జాతి కాలక్రమమున నిశ్చయించుకొనుగాక. అది ఆగవచ్చును, ముసలితల్లుల యాయుర్దాయ మాగదు. కావున ఐక్యమునకై పాటుపడుచున్నామని చెప్పు ప్రతి ప్రభుత్వమును, అది చీనాయైనను, అమెరికాయైనను, రష్యాయైనను, జపానైనను, కొరియాలోని రెండింటిలో నేదైనను, ఒక్క ప్రశ్న యడుగవలయును: నీ చేతిలోనున్న తలుపును నీవు నేడు తెరచితివా? మన గృహములలో పత్రికలు చదువువారు, రాజ్యముల బలాబలములతో బాటు ఈ ప్రశ్నను గూడ జ్ఞప్తియందుంచుకొని వార్తలను చదువుదురేని, కొరియా యనగా పటము మీది రెండు రంగులుగా గాక, ఒకరికొకరు జాబు వ్రాసికొనలేని తల్లులుగా, బిడ్డలుగా కనబడును. అట్లు చూచుట నేర్చిన నాడే మన సొంత యెల్లల యావల నున్నవారిని గూర్చియు మనము న్యాయముగా నాలోచింప గలుగుదుము.